తోడు కోసం రెండో పక్షి: కొనే ముందు వేసుకోవలసిన లెక్క

ప్రశ్న: మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. మా వారు ఆటోనగర్‌లో, నేను ఒక చీరల దుకాణంలో పనిచేస్తున్నాము. ఇద్దరికీ కలిపి నెలకు 46,000 రూపాయలు వస్తుంది. బుడమేరు వరద తరువాత ఇంట్లో సామాన్లు మళ్లీ కొనడానికి బంగారం మీద తెచ్చిన అప్పు ఇంకా 1,20,000 ఉంది, వడ్డీ 11 శాతం. ఆ వడ్డీ, ఇంటి ఖర్చులు, పాప ఫీజులు పోను 5,500 మిగులుతుంది. బ్యాంకులో 25,000 ఉంది. మా పెంపుడు చిలుక, మూడేళ్ల కాకటీల్‌కు నెలకు 700 అవుతోంది. అది పగలంతా ఒంటరిగా ఉంటోందని ఎనిమిదో తరగతి చదివే మా పాప బెంగ పెట్టుకుంది. దుకాణదారు పసుపు రంగు విదేశీ చిలుక సన్ కన్యూర్‌ను 16,000కు మూడు వాయిదాల్లో ఇస్తానంటే 1,000 అడ్వాన్సు ఇచ్చాము. తీసుకోమంటారా?

జవాబు: నమస్కారం అమ్మా. సన్ కన్యూర్‌ను తీసుకోవద్దు. రెండో కాకటీల్ సంగతి ఏడాది దాటాక ఆలోచించవచ్చు. ఎందుకలా అంటున్నానో వివరిస్తాను.

మీ పాప అడిగింది కాకటీల్‌కు తోడు. సన్ కన్యూర్ ఆ తోడు కాలేదు. దాని ముక్కు బలమైనది, స్వభావం దుడుకైనది కనుక రెండింటినీ ఒకే పంజరంలో ఉంచితే కాకటీల్ గాయపడే ప్రమాదం ఉంది. వేరు పంజరంలో పెడితే, పగలంతా ఒంటరిగా ఉండే పక్షులు ఇంట్లో రెండవుతాయి. పైగా దాని అరుపు చాలా గట్టిది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో ఇరుగుపొరుగుతో మాట పడవలసి వస్తుంది.

ఇక డబ్బు సంగతి. పక్షి ధర ఒక్కసారి ఇచ్చేది, మేత ఖర్చు మాత్రం అది బతికినంత కాలం సాగేది. సన్ కన్యూర్ 20 నుంచి 30 ఏళ్లు బతకగలదు. పండ్లు, పెల్లెట్లు (గుళికల మేత), కొరికి పారేసే బొమ్మలు కలిపి నెలకు 1,500 అనుకుని, ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయని లెక్క వేస్తే 20 ఏళ్లలో అయ్యే మొత్తం 6,60,000 దాటుతుంది. కాకటీల్‌కు నెలకు 700 చొప్పున, అదే పెరుగుదలతో, 15 ఏళ్లకు దాదాపు 1,95,000 అవుతుంది. ఇంకొక లెక్క కూడా వేయండి. పాపకు ఇప్పుడు పదమూడేళ్లు ఉంటాయనుకుంటే, పాతికేళ్లు బతికే పక్షి ఆమెకు 38 ఏళ్లు వచ్చేదాకా ఉంటుంది. చదువుకో, ఉద్యోగానికో, అత్తవారింటికో పాప వెళ్లిన తరువాత దాన్ని చూసుకోవలసింది మీ దంపతులే.

దుకాణదారు రాసిచ్చిన చీటీకి మీరు పంపిన ఫోటో చూశాను. 16,000 అంకె, దాని కింద మూడు వాయిదాల తేదీలు, చివర "పంజరం, మేత వేరు" అని మాత్రమే ఉన్నాయి. దుకాణం ముద్ర గానీ, పక్షి కాలి రింగు నంబరు గానీ, నమోదు వివరం గానీ లేదు. సన్ కన్యూర్ వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైట్స్ ఒప్పందపు జాబితాలో ఉన్న పక్షి కాబట్టి, వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, దాని కింద 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. కాగితం లేని పక్షిని కొంటే డబ్బూ, పక్షీ రెండూ చేజారవచ్చు. కాకటీల్ ఆ జాబితాలో లేదు. మన రామచిలుకను పెంచడం మాత్రం ఆ చట్టం కిందే నేరం కనుక, చవకగా ఇస్తామని ఎవరన్నా అటువైపు వెళ్లకండి.

2024 సెప్టెంబరులో మీ వీధుల్లో నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ అనుభవం ఉన్న ఇంట్లో చేతి నిల్వ 25,000 మాత్రమే ఉండడం నన్ను పక్షి కంటే ఎక్కువ కలవరపెడుతోంది. అందుకని మిగులుతున్న 5,500లో 4,000 బంగారం అప్పు అసలుకు కట్టండి. పాక్షిక చెల్లింపు తీసుకుంటారో లేదో బ్యాంకులో ముందే అడగండి. 1,000 అత్యవసర నిధిలో వేయండి. 500 పక్షుల పేరిట వేరే ఖాతాలో దాచండి. పదిహేను నెలలకు అప్పు 60,000కు దిగుతుంది, అత్యవసర నిధి 40,000 అవుతుంది, అంటే ఇంచుమించు ఒక నెల ఖర్చు. పక్షుల ఖాతాలో 7,500 ఉంటుంది. ఇప్పుడు నెలకు 1,100 కడుతున్న వడ్డీ అప్పటికి 550కి తగ్గుతుంది కాబట్టి, రెండో కాకటీల్ మేతలో ఎక్కువ భాగం ఆ తగ్గిన వడ్డీలోంచే వస్తుంది. పక్షిని, రెండో పంజరాన్ని ఆ 7,500 లోపలే కొనాలి. అందులో కొంత వైద్యానికి మిగిల్చుకోవాలి, ఎందుకంటే మన దగ్గర పెంపుడు జంతువుల బీమా ప్రధానంగా కుక్కలకు, పిల్లులకే దొరుకుతుంది.

రెండో పంజరం ఎందుకంటే, కొత్త పక్షిని కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచి, జబ్బేమీ లేదని తేలాకే పాతదాని దగ్గరకు చేర్చాలి. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మీకు దూరం కాదు. ఆ నెలలో అక్కడ ఒకసారి చూపించండి. ఆడ, మగ జత అయితే ఒక్కో ఈతలో నాలుగు నుంచి ఆరు గుడ్లు పెట్టవచ్చు. పిల్లలు వద్దనుకుంటే గూడు పెట్టె పెట్టకండి. జత కుదిరాక ఇప్పటి కాకటీల్ పాప భుజం మీద వాలడం తగ్గించవచ్చు. ఈ మాట పాపకు ముందే చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లండి.

అప్పటిదాకా ఉన్న పక్షి ఒంటరితనాన్ని ఖర్చు లేకుండానే కొంత తగ్గించవచ్చు. పొద్దున్నే కొర్రలను కాగితం పొట్లాల్లో చుట్టి పంజరంలో అక్కడక్కడా దాచితే వెతుక్కుంటూ కాలక్షేపం చేస్తుంది. రేడియో సన్నగా మోగనివ్వండి. బడి నుంచి వచ్చాక పాప ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, ఒక గంట దాన్ని బయట తిరగనిస్తే చాలు.

అడ్వాన్సు 1,000 తిరిగి అడగండి. ఇవ్వనంటే ఆ విలువకు కొర్రలు, కటిల్ బోన్ (పక్షులు కాల్షియం కోసం కొరికే ఎముక) తీసుకోండి, ఎలాగూ వాడేవే. అదీ కుదరకపోతే ఆ వెయ్యి వదిలేయండి, దాని కోసం మిగతా 15,000 కట్టకండి.