ఫోరెన్సిక్ చదివితే విదేశీ సాయం ప్రాజెక్టుల్లో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి నంద్యాలలో బీఎస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ చేస్తానంటోంది. పేద దేశాల పోలీసులకు ల్యాబ్‌లు పెట్టించడానికి అమెరికా, యూరప్ దేశాలు, ఐక్యరాజ్యసమితి నిధులు ఇస్తాయని, అలాంటి ప్రాజెక్టుల్లో పని చేయాలని తన కోరిక. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఆ దారిలో నిజంగా ఉద్యోగాలు ఉన్నాయా? అప్పు చేసి చదివించమంటారా? – ఒక తండ్రి

జవాబు: ఉద్యోగాలు ఉన్నాయండీ. అయితే డిగ్రీ పట్టా పట్టుకుని వెళ్తే దొరికేవి కావు. ముందు ఇక్కడ కొన్నేళ్లు కేసులు చూసి, కోర్టులో సాక్ష్యం చెప్పి, రిపోర్టు కింద సంతకం పెట్టిన మనిషికే ఆ తలుపు తెరుచుకుంటుంది. మీ అమ్మాయి ఈ మాట ఇప్పుడే వింటే, మధ్యలో నిరాశ పడకుండా ఉంటుంది.

తను చెప్పిన పని గొప్పది. అది ఎలా ఉంటుందో తెలియాలంటే పక్కనే ఉన్న బంగ్లాదేశ్‌ని చూడండి. 2006లో ఢాకా మెడికల్ కాలేజీలో జాతీయ ఫోరెన్సిక్ డీఎన్ఏ ల్యాబ్ మొదలైంది. బంగ్లాదేశ్ ప్రభుత్వానికి డెన్మార్క్ సాయం చేసింది. మహిళలపై హింసను ఎదుర్కొనే పెద్ద కార్యక్రమంలో అది ఒక భాగం. అత్యాచారం కేసుల్లో బాధితురాలి మాటకు తోడు కోర్టులో నిలబడే ఆధారం ఉండాలని ఆ ల్యాబ్ పెట్టారు. 2013 ఏప్రిల్ 24న ఢాకా పక్కన సావర్‌లో రాణా ప్లాజా భవనం కూలింది. పదకొండు వందల మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువ మంది బట్టల ఫ్యాక్టరీల్లో పని చేసే ఆడవాళ్లు. గుర్తు పట్టలేని మృతదేహాలను నంబర్లు వేసి పూడ్చాల్సి వచ్చింది. వాటి నుంచి తీసిన పళ్లు, ఎముకల ముక్కలు ఆ ల్యాబ్‌కి చేరాయి. మా బిడ్డ ఎక్కడుందో చెప్పండని వందల మంది బంధువులు వచ్చి డీఎన్ఏ పోల్చడానికి రక్తం ఇచ్చారు. ఇటు వందల నమూనాలు, అటు వందల కుటుంబాలు. చేత్తో సరిపోల్చడం అయ్యే పని కాదు. అమెరికా ఎఫ్‌బీఐ డీఎన్ఏ వివరాలను కంప్యూటర్‌లో సరిపోల్చే తన కోడిస్ సాఫ్ట్‌వేర్ ఇచ్చాక పని ముందుకు సాగింది. చనిపోయింది తమ మనిషేనని రుజువు లేని కుటుంబాలకు నష్టపరిహారం అడగడానికి ఆ డీఎన్ఏ రిపోర్టే దిక్కు.

ఇందులో మీరు గమనించాల్సింది ఒకటుంది. సాయం డెన్మార్క్ నుంచి వచ్చింది, సాఫ్ట్‌వేర్ అమెరికా నుంచి వచ్చింది. రోజూ ల్యాబ్‌లో కూర్చుని పళ్లు పొడి చేసి డీఎన్ఏ తీసింది మాత్రం బంగ్లాదేశ్ శాస్త్రవేత్తలే. సాయం డబ్బుతో పుట్టే ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ఆ దేశం వాళ్లకే వెళ్తాయి, వెళ్లాలి కూడా. బయటివాళ్లను పిలిచేది శిక్షణ ఇవ్వడానికి, ల్యాబ్‌కి ఐఎస్ఓ 17025 (పరీక్షా ల్యాబ్‌ల నాణ్యతకు అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు వచ్చేలా పద్ధతులు పెట్టడానికి. అనుభవం లేనివాళ్లకు ఆ పని ఎవరూ అప్పజెప్పరు. ఐక్యరాజ్యసమితిలో పీ-2 అనే జూనియర్ నిపుణుల స్థాయి పోస్టుకు మాస్టర్స్‌తో పాటు కనీసం రెండేళ్ల అనుభవం, దాని పై మెట్టు పీ-3కి ఐదేళ్లు అడుగుతారు. పోటీ ప్రపంచమంతటి నుంచీ ఉంటుంది కాబట్టి నిజానికి అంతకంటే ఎక్కువ అనుభవం ఉన్నవాళ్లే ఎంపికవుతుంటారు.

ఇంకో మాట దాచకుండా చెప్తాను. ఇవి ప్రాజెక్టు ఉద్యోగాలు. గ్రాంటు ఉన్నంత కాలమే జీతం. 2025 జనవరి 20న అమెరికా తన విదేశీ సాయాన్ని 90 రోజులు ఆపేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది జూలై నాటికి ఆ సాయాన్ని అందించే యూఎస్ఎయిడ్ సంస్థ కార్యకలాపాలే ముగిశాయి. ఏళ్ల తరబడి ఆ రంగంలో ఉన్నవాళ్లు కూడా ఎక్కడికక్కడ ఇంటిదారి పట్టారు. అందుకే విదేశీ సాయం మీద మాత్రమే ఆధారపడి కెరీర్ కట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. సొంత గడ్డ మీద పర్మనెంట్ ఉద్యోగమో, చేతిలో నిలిచే నైపుణ్యమో ఉండి, అక్కడి నుంచి అలాంటి పనులకు వెళ్లి రావాలి.

సంతోషించాల్సిన సంగతి ఏమిటంటే, ఈ రంగంలో మన దేశమే ఇప్పుడు సాయం చేసే స్థానంలో ఉంది. గాంధీనగర్‌లో గుజరాత్ రాష్ట్ర విశ్వవిద్యాలయంగా మొదలై 2020లో జాతీయ హోదా పొందిన నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ, 2023లో ఉగాండాలోని జింజాలో క్యాంపస్ తెరిచింది. భారత ప్రభుత్వం 1964 నుంచి నడుపుతున్న ఐటెక్ కార్యక్రమం కింద వివిధ దేశాల అధికారులు మన దగ్గరికి శిక్షణకు వస్తుంటారు. మీ అమ్మాయికి నేనైతే ఈ దారినే ముందు చూపిస్తాను. డెన్మార్క్, అమెరికా ప్రాజెక్టుల కంటే ఇది మనవాళ్లకు దగ్గర.

ఇక ఇక్కడి సంగతి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 176(3) సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి తీరాలి. ఏర్పాట్లు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఉంది. అంటే ఘటనా స్థలంలో ఆధారాలు సేకరించే క్లూస్ టీముల్లో, ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్‌లైన ఎఫ్‌ఎస్‌ఎల్‌లలో మనుషుల అవసరం పెరుగుతుంది. అయితే ప్రభుత్వ నోటిఫికేషన్లు ప్రతి ఏడూ రావు, పోస్టులూ తక్కువే. ఈ నిరీక్షణకు తను సిద్ధపడాలి.

ఈ పని తనకు సరిపడుతుందో లేదో తెలుసుకోవాలంటే ఒక చిన్న విషయం చెప్తాను. రక్తం అంటిన చొక్కాను తడిగా ఉండగానే ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీల్ చేస్తే లోపల బూజు పడుతుంది, డీఎన్ఏ పాడవుతుంది. నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. కవర్ మీద ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, ఎవరి చేతికి ఇచ్చారు అన్నది రాయాలి. ఆ రాతలో ఒక్క చోట ఖాళీ ఉన్నా డిఫెన్స్ లాయర్ దాన్నే పట్టుకుంటాడు. కోట్ల రూపాయల మెషీన్ ఉన్నా ఆ కేసును కాపాడలేదు. విదేశీ సాయంతో ల్యాబ్ పెట్టిన చోట శిక్షకులు ముందుగా నేర్పాల్సింది ఈ క్రమశిక్షణే. టీవీలో చూసి ఇష్టపడిన పిల్లలకు ఈ కాగితాల పని విసుగు పుట్టిస్తుంది. మీ అమ్మాయికి ఇందులో ఓపిక ఉంటే ధైర్యంగా పంపండి.

అప్పు విషయానికొస్తే, పేరు చూసి ఫీజు కట్టకండి. ఫోరెన్సిక్ డిప్లొమా, ఆన్‌లైన్ సర్టిఫికెట్ అంటూ వేలకు వేలు అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. వాటితో ఎఫ్‌ఎస్‌ఎల్ గడప దాటలేరు. కాలేజీకి వెళ్లినప్పుడు ల్యాబ్ చూపించమని అడగండి. విద్యార్థులు తమ చేతులతో డీఎన్ఏ తీసి ప్రొఫైల్ చేస్తారా, ఎఫ్‌ఎస్‌ఎల్‌లో ఇంటర్న్‌షిప్ ఉంటుందా అని అక్కడ చదివే పిల్లలనే కదిలించండి. పైన చెప్పిన గాంధీనగర్ జాతీయ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్షకు, ఉస్మానియాలో సీటుకు రెండింటికీ ప్రయత్నించమనండి. హైదరాబాద్‌లో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ చేసే కేంద్ర సంస్థ సీడీఎఫ్‌డీ, రామంతపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఉన్నాయి కాబట్టి అక్కడ చదివితే ప్రాజెక్టు పని వెతుక్కోవడం తేలిక.

విదేశాల ఆశ నిజంగా ఉంటే ఫ్రెంచ్ ఇప్పటి నుంచే మొదలుపెట్టమనండి. పశ్చిమ ఆఫ్రికాలో చాలా దేశాల్లో పోలీసు రికార్డులు, కోర్టు కాగితాలు ఆ భాషలోనే ఉంటాయి. 18 నుంచి 26 ఏళ్ల వాళ్లకు ఐక్యరాజ్యసమితి వాలంటీర్ పథకంలో ప్రత్యేకంగా యువత విభాగం ఉంది, అందులో పేరు నమోదు చేసుకోవచ్చు.

ఫోరెన్సిక్‌లో మంచి చోట సీటు రాకపోతే కంగారు పడొద్దు. బయోకెమిస్ట్రీలోనో జెనెటిక్స్‌లోనో గట్టి ఎమ్మెస్సీ చేయమనండి. ఎఫ్‌ఎస్‌ఎల్ పాత నోటిఫికేషన్లు తీసి, ఏ పోస్టుకు ఏ డిగ్రీ అడిగారో చేరే ముందే చూసుకోండి. బయాలజీ విభాగం పోస్టులకు లైఫ్ సైన్సెస్ వాళ్లను కూడా తీసుకుంటుంటారు.