ఉగ్రదాడి మీద రాయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం చదివా. కోపం ఉంది, బాధ ఉంది, రెండూ నిజమైనవే, అందుకే ఇంత పొడుగ్గా జవాబు రాస్తున్నా. కానీ వ్యాసం మొత్తం దాడి జరిగిన ఆ కొన్ని గంటల్లోనే తిరిగి, చివర్లో ప్రభుత్వం ఉక్కుపాదం మోపాలి అని ఒక్క ముక్క అనేసి ఆగిపోయింది. నన్నడిగితే అసలు రాయాల్సింది అక్కడే మొదలవుతుంది. బాంబు పెట్టేవాడి కన్ను చనిపోయేవాళ్ల మీద కన్నా ఆ తర్వాత ప్రభుత్వం ఏం చేస్తుందన్న దాని మీదే ఎక్కువ ఉంటుంది, కాబట్టి మర్నాడు ఏం చేశారు, నెలకి ఏం చేశారు, పదేళ్లకి అది ఎక్కడ తేలింది అన్నది రాయకపోతే సగమే రాసినట్టు.

2008 నవంబర్ 26 ముంబై తీసుకో. పదిమంది సముద్రం మీదుగా వచ్చి 166 మందిని చంపారు, అది అందరికీ తెలుసు, నువ్వూ రాశావ్. మరి సీఎస్‌టీ స్టేషన్‌లో ఏకే-47లకి ఎదురుపడ్డ పోలీసుల చేతుల్లో ఏమున్నాయి? లాఠీలు, పాతకాలం త్రీనాట్‌త్రీ రైఫిళ్లు. ఇలాంటి దాడుల్ని ఎదుర్కోవడానికే ఉన్న కేంద్ర బలగం ఎన్‌ఎస్‌జీ, దాని కమాండోలు ఢిల్లీ దగ్గర మానేసర్‌లో ఉండేవాళ్లు, వాళ్లు ముంబై చేరేసరికి తెల్లారిపోయింది. ఆ తర్వాతే ముంబై, హైదరాబాద్, చెన్నై, కోల్‌కతాల్లో ఎన్‌ఎస్‌జీ హబ్‌లు పెట్టారు. కేంద్ర హోంమంత్రి రాజీనామా చేశారు. నెల తిరక్కుండానే ఉగ్రవాద కేసుల దర్యాప్తుకి ఎన్‌ఐఏ అనే కేంద్ర సంస్థని పెట్టే బిల్లు పార్లమెంటు దాటింది, దాంతో పాటే ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) సవరించి చార్జిషీటు లేకుండా 180 రోజుల దాకా లోపల ఉంచొచ్చని, బెయిల్ రావడం మహా కష్టమయ్యేలా మార్చేశారు. ఇవన్నీ ఆ ఒక్క దాడి తర్వాత వచ్చినవే, కానీ అన్నీ ఒకటి కాదు. కమాండోలు దగ్గర్లో ఉంటే ప్రాణాలు దక్కుతాయి. మంత్రి రాజీనామాతో జనం కోపం కాస్త చల్లారుతుంది, అంతే. 180 రోజుల రూల్ మాత్రం ఆ దాడితో ఏ సంబంధం లేని వాళ్ల మీద కూడా ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. ఇలా విడదీసి చూపించు, కఠినం అనే ఒక్క మాట కింద అన్నీ కలిపి కట్టెయ్యకు.

ఇదే కేసులో ఇంకోటి ఉంది, దాని దగ్గర కాసేపు ఆగు. తుకారాం ఓంబ్లే అనే ఏఎస్ఐ గిర్‌గావ్ చౌపాటీ దగ్గర చేతిలో లాఠీ తప్ప ఏమీ లేకుండా ఆ పదిమందిలో ఒకడైన కసబ్ తుపాకీ గొట్టాన్ని పట్టేసుకున్నాడు, తూటాలు ఒంట్లో దిగుతున్నా వదల్లేదు, అందుకే కసబ్ ప్రాణాలతో దొరికాడు. వాడికి లాయరెందుకు, విచారణెందుకు అని అప్పట్లో చాలామంది అన్నారు, ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ విచారణ జరిగింది కాబట్టే పాకిస్తాన్‌లో కూర్చుని ఫోన్లో ఇలా కాల్చు అలా కాల్చు అని చెప్పినవాళ్ల మాటలు కోర్టు రికార్డుకి ఎక్కాయి, ఎవరూ కాదనలేని సాక్ష్యంగా మిగిలాయి. 2012లో సుప్రీంకోర్టు కసబ్‌కి ఉరి ఖాయం చేస్తూ, అదే తీర్పులో ఇంకో ఇద్దరు భారతీయ నిందితుల్ని కింది కోర్టులు విడిచిపెట్టడం సరైనదేనంది. అంత పెద్ద దాడి కేసులో, అంత కోపం మధ్య, ఆధారం సరిపోలేదు కాబట్టి వదిలెయ్యాలి అన్నారంటే అది ఎంత గొప్ప విషయమో నీ వ్యాసంలో రావాలి. టీవీ ఛానళ్లు ఆపరేషన్‌ని లైవ్‌లో చూపించడాన్ని కూడా ఆ తీర్పు గట్టిగా తప్పుపట్టింది, 2015లో కేబుల్ టీవీ రూల్స్ మార్చి అలాంటి లైవ్ ఆపించారు. ఆ తీర్పు నెట్‌లో దొరుకుతుంది, పెద్దదే, అయినా కూర్చుని చదువు. పది టీవీ డిబేట్లు చూసినా రానిది అందులో ఉంది.

తర్వాత చట్టాల తేదీలు చూడటం అలవాటు చేసుకో. 1974 నవంబర్ 21న బర్మింగ్‌హామ్‌లో రెండు పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. ఎనిమిది రోజుల్లో బ్రిటన్‌లో కొత్త చట్టం వచ్చేసింది, తాత్కాలికం అని పేరులోనే రాశారు, పొడిగిస్తూ తిరగరాస్తూ 2000లో శాశ్వత చట్టం వచ్చేదాకా ఆ తాత్కాలికాన్నే లాక్కొచ్చారు. ఆ పేలుళ్లకే ఆరుగురిని పట్టుకుని, కొట్టి ఒప్పించి, యావజ్జీవం వేశారు. 1991లో వాళ్లు నిర్దోషులని తేలింది, అప్పటికి పదహారేళ్లు జైల్లో గడిచిపోయాయి. అసలు బాంబులు పెట్టినవాళ్లెవరికీ ఇప్పటిదాకా శిక్ష పడలేదు. చూశావా, తప్పుడు మనుషుల్ని లోపలేస్తే నిర్దోషుల జీవితం పోవడం ఒక్కటే కాదు, చనిపోయినవాళ్ల కుటుంబాలకి కూడా న్యాయం దొరకదు. పోలీసులు ప్రెస్‌మీట్ పెట్టి మాస్టర్‌మైండ్ దొరికాడు అనగానే నువ్వు కూడా ఉగ్రవాది అని రాసెయ్యకు, కోర్టు తేల్చేదాకా వాడు నిందితుడే.

మన దగ్గరా అంతే. ఉగ్రవాదం మీద తెచ్చిన టాడా చట్టం 1985లో రెండేళ్లకని వచ్చి 1995 దాకా నడిచింది. 2002లో వచ్చిన అలాంటి చట్టమే పోటాని 2004లో రద్దు చేశారు, అందరూ హమ్మయ్య అనుకున్నారు, కానీ అందులో చాలా సెక్షన్లు అప్పుడే ఉపాలోకి వెళ్లి కూర్చున్నాయి. అమెరికాలో 9/11 జరిగిన మూడు రోజులకే యుద్ధానికి అనుమతిచ్చే తీర్మానం పెడితే ప్రతినిధుల సభలో 420 మంది సరే అన్నారు, బార్బరా లీ ఒక్కరే వద్దన్నారు. ఆమెని అప్పుడు దేశద్రోహి అని తిట్టారు, బెదిరించారు. ఆ చిన్న తీర్మానాన్నే పట్టుకుని ఇరవై ఏళ్ల పాటు ఎన్నో దేశాల్లో సైనిక చర్యలు చేశారు. ఆమె ఓటు సరైందా కాదా అని నువ్వు వాదించాల్సిన పని లేదు, మూడు రోజుల్లో ఏం అడిగారో, ఎంత ఆలోచించి ఇచ్చారో రాయి చాలు.

ఇంకో మాట. బాగా పనిచేసే చర్యలు చాలాసార్లు చప్పగా ఉంటాయి, వాటి మీద ఎవరూ రాయరు. 9/11 తర్వాత విమానాల్లో కాక్‌పిట్ తలుపులు బయటి నుంచి బద్దలు కొట్టలేనంత గట్టిగా చేశారు, నా ఉద్దేశంలో యుద్ధాల కన్నా అదే ప్రయాణికుల్ని ఎక్కువ కాపాడింది. కానీ 2015లో జర్మన్‌వింగ్స్ విమానంలో కో పైలట్టే లోపల గడియ పెట్టుకుని కొండకి గుద్దేశాడు, పైలట్ బయట తలుపు బాదుతూనే ఉన్నాడు, 150 మంది పోయారు. తలుపు గట్టిగా చెయ్యడం తప్పని నేననట్లేదు. ప్రతి భద్రతా ఏర్పాటుకీ అవతలి వైపు ఒకటి ఉంటుంది, అదీ రాయాలి అంటున్నా.

నార్వే గురించి కూడా చదువు. 2011 జూలై 22న ఒకడే ప్రభుత్వ భవనాల దగ్గర బాంబు పేల్చి, తర్వాత ఓ ద్వీపంలో కాల్పులు జరిపితే 77 మంది చనిపోయారు, పేలుడు వార్త రాగానే చాలామంది ఇస్లామిస్టుల పనేనని ఊహించేశారు, తీరా చూస్తే ఆ దేశం వాడే, తీవ్ర రైట్‌వింగ్ భావాలున్నవాడు. ఏడాదికి విచారణ కమిషన్ రిపోర్ట్ వచ్చింది, అప్పటికే నిర్ణయించిన భద్రతా చర్యలు అమలు చేసుంటే ప్రభుత్వ భవనాల దగ్గర బాంబుని ఆపగలిగేవాళ్లని, పోలీసులు ద్వీపానికి ఇంకా ముందే చేరుండొచ్చని మొహమాటం లేకుండా రాశారు. మాడ్రిడ్‌లో 2004 మార్చి 11న రైళ్లలో బాంబులు పేలితే స్పెయిన్ ప్రభుత్వం ఇది బాస్క్ వేర్పాటువాద సంస్థ ఎటా పనే అని పట్టుబట్టింది, మూడు రోజుల్లో ఎన్నికలు, ఆధారాలు వేరే వైపు చూపిస్తున్నాయని జనానికి అర్థమైపోయింది, ప్రభుత్వం ఓడిపోయింది. పేరు చెప్పే తొందర ఎవరికి ఎందుకుందో కనిపెట్టడం నీ పని. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడి పేరు పలకనని అక్కడి అప్పటి ప్రధాని జెసిండా ఆర్డెర్న్ చెప్పి, నెల లోపే తుపాకుల చట్టం మార్పించారు. నీ వ్యాసంలో చంపినవాడి బాల్యానికి నాలుగు పేరాలు పోయాయి, తీసెయ్.

ఆ చోట్లో బతికి బయటపడ్డవాళ్లని పెట్టు. వెళ్లి కలిసినప్పుడు ఆ క్షణంలో ఏమనిపించింది అని అడగకు, ఆ ప్రశ్న వాళ్లని అప్పటికే చాలామంది అడిగుంటారు. ప్రకటించిన సాయం చేతికొచ్చిందా, ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారు, రెండో ఆపరేషన్‌కి డబ్బు ఎవరిచ్చారు, ఇస్తామన్న ఉద్యోగం పర్మినెంటా కాంట్రాక్టా, సాక్ష్యం చెప్పడానికి పిలిచినప్పుడు ఎవరైనా తోడొచ్చారా అని అడుగు, కాగితాలుంటే చూపించమను. ఏటా అదే తేదీకి కెమెరాలన్నీ వాళ్లింటికే వస్తాయి కాబట్టి నువ్వు ఆ తేదీకి వెళ్లకు, ముందే ఫోన్ చేసి వాళ్లు రమ్మన్న రోజు వెళ్లు, వద్దంటే తిరిగొచ్చెయ్.