కారు సంగతి సరే, ఆ స్థలం ఎవరిది?

ప్రశ్న: నా వయసు 36. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు లక్షన్నర చేతికొస్తుంది, అందులో 45 వేలు ఇంటి లోను. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి రోజూ పదేళ్ల నాటి స్విఫ్ట్‌లో వెళ్తాను. చదువుకునే రోజుల నుంచి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ నా కల. బెంగళూరులో 2018 మోడల్ ఆర్‌ఎస్ 230 ఒకటి దొరికింది. 62 వేల కిలోమీటర్లు తిరిగింది, 18 లక్షలు చెబుతున్నారు. 50 వేలు టోకెన్ ఇచ్చాను, ఇంట్లో ఇంకా చెప్పలేదు. పెళ్లప్పుడు మామగారు మా ఆవిడకి పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఖమ్మం స్థలం ఈమధ్యే అమ్మితే మాకు 14 లక్షలు వచ్చాయి. స్విఫ్ట్ అమ్మేసి, మిగిలింది చిన్న లోను తీసుకుంటే సరిపోతుంది. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది, నల్గొండ నుంచి నెలకోసారి వస్తారు. ఎత్తుగా ఉండే బండి కొనరా అంటారు. బావమరిది ఎర్టిగా అంటాడు. మా ఆవిడని అడిగితే ‘మీ ఇష్టం’ అంది. తను పాపని యాక్టివా మీద స్కూల్లో దింపి బ్యాంకుకి వెళ్తుంది. లైసెన్సు ఉంది కానీ స్విఫ్ట్ ఇవ్వను, క్లచ్ కాల్చేస్తుంది. నా కల నెరవేర్చుకోవాలా, నాన్న మాట వినాలా?

జవాబు: మీరు అడిగిన దానికి ముందు సూటిగా చెప్తాను. ఈ బండి ఇప్పుడు కొనకండి. అయితే మీ నాన్నగారి కోసం ఆగమనడం లేదు. ఆయన నెలకోసారి ఎక్కి దిగుతారు. సీటు పూర్తిగా వెనక్కి జరిపి, ఒక గట్టి దిండు వేస్తే స్విఫ్ట్‌లో కూడా ఆయన ఇబ్బంది చాలావరకు తీరుతుంది. బావమరిది సలహా పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో గుచ్చుకునే మాట ఒకటుంది, ‘మాకు 14 లక్షలు వచ్చాయి’ అన్నది. మీకు రాలేదు. ఆవిడకి వచ్చాయి.

పుట్టింటివాళ్లు ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలం ఆమెది. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ఆమెను అలాంటి ఆస్తికి పూర్తి హక్కుదారుగా చెబుతుంది. అయినా చట్టం దాకా ఎందుకు? ఏ తండ్రీ అల్లుడి టర్బో ఇంజిన్ కోసం కూతురికి స్థలం రాసివ్వడు. ఆ పిల్లకి ఏ కష్టమొచ్చినా ఎవరి ముందూ చేయి చాచకూడదని రాసిస్తాడు. దాన్ని మీరు డౌన్ పేమెంట్ లెక్కలో వేసుకున్నారు, చెప్పకుండానే టోకెన్ ఇచ్చేశారు, పేరుకి మాత్రం ఆవిడని అడిగారు. ‘మీ ఇష్టం’ అన్నది అందుకే. మన ఇళ్లలో ఆ మాటకి అర్థం మీకు నేను చెప్పాలా? ఒప్పుకున్న మనిషి రంగు అడుగుతుంది, ఎప్పుడొస్తుందని అడుగుతుంది. ఈ రెండు మాటలతో సరిపెట్టిందంటే, అడిగి ప్రయోజనం లేదని తెలుసుకుంది.

పైగా ఆ 14 లక్షలు పూర్తిగా 14 లక్షలు కావు. మామగారు ఎంతకు కొన్నారో ఆ ధర తీసేసి మిగిలినదాన్ని లాభంగా లెక్కిస్తారు. దాని మీద సాధారణంగా 12.5 శాతం పన్ను ఆవిడ పాన్ మీద పడుతుంది, రిటర్ను ఆవిడే వేయాలి. ఆ డబ్బుతో ఇల్లు కొంటే మినహాయింపు అడగొచ్చు, కారు కొంటే లేదు. అంటే డబ్బు మీ కారుకి, పన్ను ఆవిడ నెత్తికి. ఇది మీరు ఆలోచించే ఉండరు.

ఇక కారు. మీ కోరికని నేను తక్కువ చేయను. 2017లో సుమారు 25 లక్షలకి మన దేశంలోకి వచ్చిన ఆ ఆర్‌ఎస్‌లో 230 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్, 590 లీటర్ల డిక్కీ ఉన్నాయి. నలుగురు హాయిగా తిరుపతి వెళ్లిరావచ్చు. కాబట్టి కలల బండా, ఇంటి బండా అన్న మీ తగువే సరైనది కాదు. అది రెండూ అవుతుంది, డబ్బు మీదైతే.

మీదే అయితే లెక్క ఇలా ఉంటుంది. 18 లక్షలతో అయిపోదు. బెంగళూరు బండికి అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి, ఫారం 29, 30 మీద పేరు మారాలి, అమ్మేవాళ్లకి లోను ఉంటే ఫారం 35 మీద బ్యాంకు పేరు తీయించాలి. ఆపైన తెలంగాణలో మళ్లీ జీవిత పన్ను కట్టాలి. అది మీరిచ్చే ధర మీద కాదు, బండి తొలి ఖరీదు, వయసు చూసి వేస్తారు. ఈ తరగతి బండికి లక్షల్లోనే తేలుతుంది. కర్ణాటక నంబరుతో తిప్పుదాంలే అనుకుంటే దారిలో ఆపిన రోజు తెలుస్తుంది.

62 వేల కిలోమీటర్లంటే ఆరు గేర్ల డీఎస్‌జీకి (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు) నూనె, ఫిల్టరు మార్చే గడువు 60 వేలు దాటిపోయిందన్నమాట. మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదనే అనుకోవాలి. ఈ గేర్‌బాక్సు క్లచ్‌లు నూనెలో తడుస్తూ ఉంటాయి కాబట్టి పొడి క్లచ్ రకం కన్నా ట్రాఫిక్ తట్టుకుంటుంది. కానీ కొత్తగూడ దగ్గర అంగుళం అంగుళం పాకిస్తే సగం క్లచ్ మీదే నడుస్తుంది, నూనె వేడెక్కి త్వరగా చెడుతుంది. ఒకటి నుంచి రెండో గేరుకి మారేటప్పుడు కుదుపు వస్తే అక్కడే ఆగిపోండి. ఈ 2.0 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్‌లో నీళ్ల పంపు, థర్మోస్టాట్ కలిసి ఉండే ప్లాస్టిక్ భాగం కారడం తెలిసిన జబ్బే. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) గుర్తు కన్నా తగ్గి ఉన్నా, ఆ భాగం చుట్టూ గులాబీ మరక ఎండి ఉన్నా ఆ పని మీ మీద పడుతుంది.

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మీ ముందే స్టార్ట్ చేయించండి. స్కానర్ పెట్టించి పాత లోపాల కోడ్‌లు చూడండి, నిన్ననే చెరిపేసి ఉంటే అదీ ఒక సమాధానమే. టైరు పక్కన నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. తక్కువ ఎత్తు టైర్లు మన గుంతల్లో పక్కగోడ ఉబ్బుతాయి, లోపలివైపు కూడా చేయిపెట్టి తడమండి. ఇంజిన్ ట్యూనింగ్ మార్చారేమో తప్పక అడగండి. ఇలాంటి బళ్లలో అది మామూలు. బీమా కంపెనీకి చెప్పని మార్పు ఉంటే ప్రమాదం జరిగిన రోజు క్లెయిము దగ్గర పేచీ వస్తుంది.

పెట్రోలు కూడా చూద్దాం. నెలకి వెయ్యి కిలోమీటర్లు, ఊళ్లో లీటరుకి 8 వస్తే 125 లీటర్లు. 107 రూపాయల లెక్కన 13 వేల పైమాటే. చిన్న ఆటోమేటిక్ 12.5 ఇస్తే ఎనిమిదిన్నర వేలు. ఇంజిన్ 1500 సీసీ దాటింది కాబట్టి థర్డ్ పార్టీ బీమా ఏడాదికి 7,897 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ మధ్య బండికైతే 3,416. ఆవిడ డబ్బు పక్కన పెడితే, టోకెన్, స్విఫ్ట్ అమ్మిన డబ్బు పోను మీకు సుమారు 15 లక్షల లోను కావాలి. పాత బండికి 13 శాతం వడ్డీ అనుకుంటే ఐదేళ్లకి నెలకి 34 వేలు. ఈ లెక్క చూశాక ‘చిన్న లోను’ అన్న మీ మాట నిలబడదు.

అసలు సంగతికి వస్తాను. బడికెళ్లే పిల్లని వానలో, ఎండలో యాక్టివా మీద కూర్చోబెట్టుకుని ఆవిడ తిరుగుతోంది. మీరు ఒక్కరే కారులో వెళ్తున్నారు. కారణం, క్లచ్. స్విఫ్ట్ క్లచ్ ప్లేట్లు మార్చడానికి అయ్యే ఖర్చు మీ టోకెన్ కన్నా తక్కువ. క్లచ్ కాలేది పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు వల్ల, ఎత్తులో హ్యాండ్ బ్రేక్ వాడకుండా సగం క్లచ్ మీద ఆపడం వల్ల. రెండూ పదిహేను రోజుల్లో పోతాయి. కానీ మీరు నేర్పకండి. మొగుడు పక్కన కూర్చుంటే ఎవరి కాలైనా వణుకుతుంది. డ్రైవింగ్ స్కూల్లో మహిళా శిక్షకురాలిని అడిగి పొద్దున్న పూట పెట్టించండి.

ఇవాళ రాత్రే టోకెన్ సంగతి ఆవిడకి చెప్పండి. ‘ఆ డబ్బు నీది, నేను లెక్కలో వేసుకోవడం తప్పు’ అని ఆ మాటలతోనే అనండి. 14 లక్షలు ఆవిడ ఒక్కరి పేరు మీద ఉన్న ఖాతాకి మార్చండి, జాయింటు ఖాతా వద్దు. తర్వాత ఆవిడ ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకుంటుందా, మళ్లీ స్థలం కొంటుందా, సలహా అడిగితేనే చెప్పండి. బెంగళూరుకి ఫోను చేసి టోకెన్ వెనక్కి అడగండి. రాకపోతే పోనివ్వండి. యాభై వేలు పోతాయన్న భయంతో పద్దెనిమిది లక్షల బండి ఇంటికి తేకూడదు.

స్విఫ్ట్ అమ్మొద్దు, మీకు ఆఫీసుకి అది చాలు. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల దాకా ఉంటుంది. కొనాల్సింది ఆవిడకి ఒక ఆటోమేటిక్. టాటా పంచ్ ఏఎంటీ (మామూలు గేర్‌బాక్సుకే క్లచ్, గేరు పని యంత్రం చేసే రకం) తలుపులు దాదాపు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి, సీటు ఎత్తు. మీ నాన్నగారి సమస్య కూడా అందులోనే తీరుతుంది. ఏఎంటీ కాస్త ఊగుతుంది, అది నచ్చకపోతే హోండా అమేజ్ సీవీటీ (గేరు మెట్లు లేని ఆటోమేటిక్) మెత్తగా వెళ్తుంది, కాకపోతే సీటు కిందికి ఉంటుంది. బండి ఆవిడ పేరు మీదే ఉండాలి. మీ పేరు మీదైతే రెండో కారని జీవిత పన్ను 2 శాతం ఎక్కువ పడుతుంది. బ్యాంకు ఉద్యోగి కాబట్టి స్టాఫ్ లోను వడ్డీ తక్కువేమో కనుక్కోమనండి. బయట 9 శాతానికి 7 లక్షలైతే ఐదేళ్లకి నెలకి పద్నాలుగున్నర వేలు. లోను ఎవరి పేరు మీదున్నా ఆ కంతు మీ జీతంలోంచి వెళ్లాలి.

ఆర్‌ఎస్ కోసం నెలకి 34 వేలు కట్టడానికి సిద్ధమైతే, ఈ కంతు పోను మిగిలిన పందొమ్మిదిన్నర వేలు నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. రెండేళ్లకి అసలే నాలుగు లక్షల అరవై ఎనిమిది వేలు. అప్పుడు తెలంగాణ నంబరు ఆర్‌ఎస్ వెతకండి, జీవిత పన్ను మళ్లీ కట్టక్కర్లేదు. స్విఫ్ట్ అమ్మేటప్పుడు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు బీమాలో ఇచ్చే తగ్గింపు) నిలిపి ఉంచే పత్రం తీసుకోండి. అది మనిషికి చెందేది, మూడేళ్లలోపు కొత్త బీమాకి వాడుకోవచ్చు.

వచ్చే ఆదివారం షోరూముకి నలుగురూ వెళ్లండి, నాన్నగారు ఆ రోజు ఊళ్లో ఉండేలా చూడండి. ఆయన ముందు సీట్లో కూర్చుని మోకాలు సరిచూసుకుంటారు. తాళం ఆవిడకి ఇవ్వండి. మీరు వెనక పాప పక్కన కూర్చుని, తిరిగొచ్చేదాకా బ్రేకు గురించి గానీ అద్దాల గురించి గానీ నోరెత్తకండి.