నవల చదివాక ‘చాలా బాగుంది’ అన్న మాట దాటి అభిప్రాయం చెప్పడం ఎలా?

దాశరథి రంగాచార్యుల ‘చిల్లర దేవుళ్లు’ చదివాననీ, ఎంతో నచ్చిందనీ, అయితే తోటి పాఠకులకు చెప్పబోతే ‘చాలా బాగుంది’ దగ్గరే మాట ఆగిపోతున్నదనీ, ఈ ఇబ్బందిని ఎవరైనా దాటారా అనీ మీరు అడిగారు. నల్లగొండలో మేము ఎనిమిది మందిమి నెలకొక ఆదివారం పొద్దున ఎవరో ఒకరి ఇంట్లో కూర్చొని, అందరమూ చదివి వచ్చిన ఒకే నవల గురించి మాట్లాడుకుంటాం. ఆ కూర్చోవడంలో నేను తిన్న చీవాట్లే ఈ జవాబుకు ఆధారం.

మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు, నవల గుండెను పిండేసిందని చెప్పి ఊరుకున్నాను. మాలో అందరికన్నా పెద్దవారైన రిటైర్డు తెలుగు సారు, ‘ఏడ పిండింది బిడ్డా?’ అని అడిగారు. ఆయన వెక్కిరించలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. చదువుతున్నప్పుడు కళ్లు తడిసిన మాట నిజమే గానీ, అది ఎవరు ఏమన్నప్పుడు జరిగిందో, ఏ పుట దగ్గర జరిగిందో నాకే గుర్తు లేదు.

ఉద్యోగరీత్యా నేను రోజూ మిర్యాలగూడకు బస్సులో పోయి వస్తాను కాబట్టి నా చదువంతా ఆ దారిలోనే సాగుతుంది. ఆనాటి నుంచి మనసు ఎక్కడ ఆగితే అక్కడ ఆ రోజు టికెట్టు పెట్టి, దాని వెనుక పెన్సిలుతో ఒక్క వాక్యం రాసుకోవడం మొదలుపెట్టాను. ‘ఈమె ఇక్కడ ఎందుకు ఊరుకుంది?’ వంటి చిన్న వాక్యమే. కొన్నాళ్లకు టికెట్టు ముందు వైపు మిషను కొట్టిన అక్షరాలు వెలిసిపోయి, ఎక్కిన ఊరూ దిగిన ఊరూ కూడా కనిపించవు; వెనుక పెన్సిలు రాత మాత్రం అలాగే ఉంటుంది. నవల పూర్తయ్యేసరికి పదో పన్నెండో పోగవుతాయి. వాటిలో ఏడు ఒకే పాత్ర చుట్టూ ఉన్నాయంటే నన్ను పట్టుకున్నది కథ కాదు, ఆ మనిషి అని తెలుస్తుంది. నూరు పుటల మేర ఒక్క టికెట్టూ లేదంటే అక్కడ నా కళ్లు మాత్రమే చదివాయని తెలుస్తుంది. అది రచయిత లోపమో నా నిద్రమత్తో వేరే సంగతి, కానీ దాన్ని కూడా అభిప్రాయంలో చెప్పవలసిందే.

ఇక మీరు చదివిన నవల సంగతి. బతుకుతెరువు కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి నిజాం కాలపు తెలంగాణ పల్లెకు వచ్చిన సంగీత విద్వాంసుడు సారంగపాణి అందులో ఉన్నాడు, దొర గడి ఉంది, ఆ గడిలో ఆడబాప వనజ ఉంది. మా దగ్గర ఈ నవల మీద మాట్లాడిన నాడు డిగ్రీ చదివే ఒక కుర్రవాడు, ఆడబాప అంటే ఆడబిడ్డ లాంటి వరుస కాబోలు అనుకొని, ఇది ప్రధానంగా ప్రేమకథ అని రాసుకొచ్చాడు. అతన్ని నవ్వవలసిన పని లేదు. ఆ మాట వాడుకలో నుంచి పోయి చాలా కాలమైంది. మాలో ఒక పెద్దమ్మ ఉన్నారు. దొరల ఇంటి ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు సొమ్ముతో పాటు తోడుగా పంపే దాసిని అలా పిలిచేవారనీ, ఆమెకు తనదంటూ పెళ్లి గానీ సంసారం గానీ ఉండేవి కావనీ ఆమె వివరించారు. తమ అమ్మమ్మ ఊరి గడిలో అటువంటి ముసలామె ఒకరు ఉండేదని చెబుతూ, ‘ఆమెకు పేరున్నదన్న సంగతే మాకు తెల్వదు’ అన్నారు. కుర్రవాడు ఏమీ అనకుండా తన కాగితం మీద ‘ప్రేమకథ’ అన్న మాట కొట్టేశాడు. మరుసటి నెల అతడు వనజ ఉన్న పుటలన్నీ మళ్లీ చదివి వచ్చి, ఆమె కోరిన దానికన్నా కోరడానికే ఆమెకు హక్కు లేకపోవడం తనను కలవరపెట్టిందని చెప్పాడు. మా మధ్య నేను విన్న మంచి అభిప్రాయాలలో అదొకటి.

అదే రోజు భాష మీద కూడా పేచీ వచ్చింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక ఉపాధ్యాయురాలు సంభాషణల దగ్గర తన చదువు కుంటుపడిందని అన్నారు. కథనమంతా అందరికీ తెలిసిన తెలుగులోనే ఉంది, మనుషులు నోరు విప్పినప్పుడే కదా ఈ నేల మాట వినిపించేది, అదీ కష్టమేనా అని ఇంకొకరు మండిపడ్డారు. నా దృష్టిలో ఆమె తప్పేమీ అనలేదు. ‘నవల భాష బాగా లేదు’ అని ఉంటే తప్పు. ‘నాకు ఇక్కడ కష్టమైంది’ అన్నారు, అది నిజం.

నేను చేసిన పెద్ద తప్పు మరొకటి ఉంది. సాగర్ ఎడమ కాలువ కింది పల్లె గురించి ఒకరు రాసిన నవలలో, 1962లో కాలువ నీళ్లతో వరి పండినట్టు ఉంది. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన 1955 డిసెంబరులో జరిగింది, కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. మా ఇంట్లో తాతల నాటి నుంచి ఆ కాలువే బతుకు కాబట్టి నాకు ఒళ్లు మండింది. రెండు పుటల నిండా ఆ ఐదేళ్ల తేడా గురించే రాసి, నవల నమ్మదగినది కాదని తేల్చేశాను. సారు అంతా విని, ‘కాలువ తప్పు పట్టినవు, మంచిదే. మరి ఆ తల్లి సంగతేంది?’ అన్నారు. నవల అంతా ఆమె భుజాల మీదే నడుస్తుంది. నా రెండు పుటలలో ఆమె ఊసే లేదు. పైగా తప్పు దొరికిన సంబరంలో చివరి భాగం గబగబా తిరగేశానని కూడా ఒప్పుకోవలసి వచ్చింది. తేదీ తప్పును చెప్పాలి, ఒక వాక్యంలో చెప్పాలి, ఆ తరువాత నవలలోకి పోవాలి. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

ముగింపు బయటపెట్టాలా వద్దా అన్న దాని మీద నేను పెద్దగా తల బద్దలు కొట్టుకోను. ఎదుటివారు చదివారో లేదో ముందే అడిగితే సరిపోతుంది.

కనుక మీరు మొత్తం నవల గురించి రాయడానికి కూర్చోవద్దు. ‘చిల్లర దేవుళ్లు’లో మీ చేయి పుట తిప్పకుండా ఆగిన చోటు ఒకటి తప్పక ఉండి ఉంటుంది. దానిని వెతికి, అక్కడ ఏం జరుగుతున్నదో నాలుగు వాక్యాలలో చెప్పి, మీకు ఎందుకు ఆగాలనిపించిందో మరో నాలుగింటిలో చెప్పండి. తెలియని మాట ఉంటే తెలియదనే రాయండి. మా పెద్దమ్మ వంటివారు ఎవరో ఒకరు బదులిస్తారు. మేము వచ్చే నెలకు 1955 నాటి ‘ప్రజల మనిషి’ పెట్టుకున్నాం. ఆ నవల రాసిన వట్టికోట ఆళ్వారుస్వామి మా జిల్లాలోనే 1915లో పుట్టి, తరువాత ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మినవాడు. ఇప్పటికి అందులో నా టికెట్లు మూడు చేరాయి. మూడూ మొదటి యాభై పుటలలోనే ఉన్నాయి; ఎందుకో ఇంకా తేల్చుకోలేదు.