మొదటి ట్రెక్‌కి చీటీ ఎత్తొద్దు

ప్రశ్న: నా వయసు 26. హైదరాబాద్‌లో ఉద్యోగం. చేతికి 42 వేలు వస్తుంది. ఇంటికి 10 వేలు, హాస్టల్‌కి 9,500, చీటీకి 5 వేలు, మిగతా ఖర్చులకు 10 వేలు పోగా 7,500 మిగులుతుంది. బ్యాంకులో 40 వేలు ఉన్నాయి. డిసెంబర్‌లో స్నేహితులతో కలిసి ఒక ట్రెక్కింగ్ సంస్థ ద్వారా ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండకు వెళ్తున్నాను. ఫీజు, రైలు ఖర్చులకు బోనస్‌లోంచి పక్కన పెట్టేశాను. బ్యాగు, టెంట్, స్లీపింగ్ బ్యాగ్, జాకెట్, బూట్లు, స్టవ్ అన్నీ కలిపి లిస్టు రాస్తే 58 వేలు అయింది. లక్ష రూపాయల చీటీలో ఆరు నెలలు కట్టాను, ఇంకా 14 నెలలుంది. చీటీ ఎత్తనా? కార్డు మీద ఈఎంఐ పెట్టనా?

జవాబు: రెండూ వద్దండీ. ట్రెక్‌కి మాత్రం తప్పకుండా వెళ్లండి.

ముందు చీటీ సంగతి. ఆరేడు నెలలకే పాటకు దిగితే పోటీ గట్టిగా ఉంటుంది. 20 వేలు తగ్గించుకుని పాడారనుకుందాం. నిర్వాహకుల కమీషన్ 5 వేలు పోగా మిగిలిన 15 వేలు ఇరవై మందికీ పంచుతారు. అందులో మీ వంతు 750 రూపాయలు. అంటే 58 వేల సామాను కోసం 19 వేలు వదులుకుంటున్నట్టు. అదే చివరిదాకా ఉంటే, కమీషన్ పోను 95 వేల దాకా చేతికొస్తుంది. మీ నెల ఖర్చు 34,500. ఉద్యోగం పోయినా మూడు నెలలు నిలబడాలంటే లక్ష పైన కావాలి. బ్యాంకులో ఉన్న 40 వేలూ, ఆ చీటీ డబ్బూ కలిస్తే ఆ టెన్షన్ తీరిపోతుంది. దాన్ని కదపకండి.

ఇక ఈఎంఐ. 58 వేలకు 16 శాతం వడ్డీతో ఏడాదికి పెట్టుకుంటే నెలకు 5,250 పైనే కట్టాలి. వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి అదనంగా 6 వేలు దాటుతుంది. వడ్డీ లేని ఈఎంఐ అని చెప్పినా చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ మన నెత్తినే పడతాయి. నెలకు మిగిలే 7,500లో అంత భాగం దానికే పోతే, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేని నెలలో ఏం చేస్తారు?

అసలు తప్పంతా లిస్టులో ఉంది. మొదటిసారి వెళ్లేవాళ్లు దాదాపు అందరూ ఇలాగే రాస్తారు, మీరేం బాధపడక్కర్లేదు. ట్రెక్ నిర్వహించే సంస్థలు సాధారణంగా టెంటు, స్లీపింగ్ బ్యాగు, వంట అన్నీ వాళ్లే చూసుకుంటాయి. మీ సంస్థ ఇచ్చే సామాను జాబితా మెయిల్‌లో తెప్పించుకుని మీ లిస్టు పక్కన పెట్టి చూడండి. టెంటు, స్లీపింగ్ బ్యాగు, స్టవ్, గిన్నెలు కొట్టేస్తేనే 20 వేల దాకా తగ్గిపోతుంది. పైగా గ్యాస్ డబ్బాను రైల్లో తీసుకెళ్లనివ్వరు.

మిగిలినవాటికి నేను అందరికీ చెప్పే లెక్క ఒకటే. ధరను వాడబోయే రోజులతో భాగించండి. కేదార్‌కంఠ 12,500 అడుగుల ఎత్తు, డిసెంబర్ రాత్రుల్లో సున్నా కంటే కిందికి పోతుంది, కాబట్టి మందపాటి జాకెట్ తప్పదు. కానీ 6 వేలు పెట్టి కొన్న జాకెట్‌ను హైదరాబాద్‌లో ఎక్కడ వేసుకుంటారు? ట్రెక్‌కి 900 చొప్పున అద్దెకు తీసుకుంటే, ఏడో ట్రెక్‌కి గానీ కొన్న ధర రాదు. ఏడాదికి ఒక్కటి వెళ్తే అది ఏడేళ్ల మాట. పెద్ద బ్యాగు, చేతికర్రలు కూడా అంతే. ఈ మూడింటి అద్దె 3 వేలల్లో తేలుతుంది. బ్యాగు తీసుకునేటప్పుడు మీ ఎత్తు కాదు, వీపు పొడవు చూడండి. బరువు భుజాల మీద కాకుండా నడుము పట్టీ మీద కూర్చోవాలి.

ఒంటికి అంటుకుని ఉండేవి మాత్రం సొంతంగా కొనండి. నా అంచనా ఇది: బూట్లు 4,500, ఉన్ని సాక్సులు 800, రెండు జతల థర్మల్స్ 2 వేలు, ఫ్లీస్ (మెత్తటి వెచ్చని పైచొక్కా) 1,500, త్వరగా ఆరే ప్యాంట్లు రెండు 2,500, రెయిన్ పాంచో (పైనుంచి కప్పుకునే వాన కోటు) 800, తలకు పెట్టుకునే లైటు 700, గ్లవ్స్, టోపీ 1,200. మొత్తం 14 వేలు. కాటన్ బట్టలు మాత్రం వద్దు, చెమటకు తడిస్తే ఆరవు, ఆ చలిలో అదే ప్రమాదం. అద్దెలతో కలిపి 17 వేలు. ఇప్పటినుంచి నాలుగు నెలల్లో నెలకు 4,250 చొప్పున సరిపోతుంది. మిగిలిన 3,250 బ్యాంకులో ఉన్న 40 వేలకు కలుపుతూ పోండి.

సామాను కొని దాచుకుంటే ఎప్పటికైనా పనికొస్తుందని మీకు అనిపించవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక ట్రెక్ కోసం మంచి బూట్లు కొని, తర్వాత మూడేళ్లు అటక మీద పెట్టాను. మళ్లీ తీసుకెళ్తే రెండో రోజు రాళ్ల దారిలో అడుగు భాగం మొత్తం ఊడి వచ్చేసింది. చాలా బూట్లలో అడుగు అట్టకీ పైభాగానికీ మధ్య పాలీయురెథేన్ పొర ఉంటుంది. గాల్లో తేమకు అది వాడకపోయినా పొడిపొడి అయిపోతుంది. తాళ్లతో కట్టుకుని, ఒక్కో అడుగూ భయపడుతూ దిగిన ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. స్లీపింగ్ బ్యాగు కూడా సంచిలో కుక్కి ఏళ్ల తరబడి ఉంచితే ఉబ్బు పోయి వెచ్చదనం తగ్గుతుంది.

అందుకే కొన్న బూట్లను వెంటనే వాడటం మొదలుపెట్టండి. నెలకోసారి అనంతగిరి అడవిలోకో, భువనగిరి కోటకో వెళ్లండి. బస్సు టికెట్లు, భోజనం తప్ప పెద్ద ఖర్చుండదు. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి శిక్షణ పొందింది ఆ భువనగిరి బండ మీదే. నాలుగుసార్లు ఎక్కి దిగితే బూట్లు కాళ్లకు అలవాటవుతాయి, ఎక్కడ కరుస్తున్నాయో ఇక్కడే తెలిసిపోతుంది. ఈ నడకలు మీకు నిజంగా నచ్చాయో లేదో కూడా తెలుస్తుంది. అది తెలియకుండా 58 వేలు పెట్టడం నాకు మనసొప్పడం లేదు.

మూడు ట్రెక్‌లు అయ్యాక, ఇంకా వెళ్లాలనే ఉంటే అప్పుడు బ్యాగు, ఆ తర్వాత జాకెట్ కొనుక్కోండి. స్లీపింగ్ బ్యాగు అన్నిటికంటే చివర. దాని మీద రెండు ఉష్ణోగ్రతలు రాసి ఉంటే, రెంటిలో తక్కువ అంకె చూసి మోసపోవద్దు. సుఖంగా నిద్రపట్టేది కంఫర్ట్ అని రాసిన అంకె దగ్గరే.

ఇంకో పని, దీనికి పైసా ఖర్చు లేదు. ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా ట్రెక్కింగ్‌లో దెబ్బ తగిలితే వర్తిస్తుందా అని హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. వర్తించదంటే ట్రెక్ సంస్థ దగ్గర ఆ కొద్ది రోజులకు బీమా దొరుకుతుందేమో కనుక్కోండి. కొండ మీదినుంచి దించాల్సి వస్తే అయ్యే ఖర్చు అందులో ఉందా అని ప్రత్యేకంగా అడగండి.

ఈ నెల జీతం రాగానే మొదట బూట్లు కొనండి. సాయంత్రం పూట వెళ్లండి, పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి. ఉన్ని సాక్సులు వేసుకునే తొడిగి చూడండి. దిగుడు దారిలో వేళ్లు ముందుకు గుద్దుకోకుండా అర సైజు పెద్దవి తీసుకోండి.