సింకు ఇంటికొచ్చాకే బండ కోయించు

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు.

వంటింట్లో పాత సింకూ గట్టూ తీసేసి కొత్తవి పెట్టించుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. టేపు పట్టుకుని కొలతలు కూడా నువ్వే తీస్తున్నావట. ఎంత గర్వంగా అనిపించిందో! అంతలోనే "సింకు ఇంకా రాలేదు, బండ మాత్రం ఈ వారమే కోసేస్తారట" అని ఆవిడ అనేసరికి గుండె గుభేలుమంది. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది. కాగితమైతే పనివాళ్లు వచ్చినప్పుడు చేతిలో ఉంటుందని రాస్తున్నాను.

మిగతా ఉత్తరం తీరిగ్గా చదువుకో గానీ, ఆ బండ కోయడం మాత్రం ఇవాళే ఆపించు.

ఇది తరతరాలుగా జరుగుతున్న పొరపాటు. బండ కోసేవాడికి తీరిక దొరుకుతుంది, సింకు రావడం ఆలస్యమవుతుంది, "కేటలాగులో కొలత ఉందిగా, కానిచ్చేద్దాం" అంటారు. కేటలాగులో ఉండేది ఒక కొలత కాదమ్మా, మూడు. అంచులతో కలిపి బయటి కొలత, తొట్టి లోపలి కొలత, బండలో కోయాల్సిన కన్నం కొలత. హడావుడిలో మొదటిదాన్నే చదివి చెప్పేస్తారు. పైనుంచి దించే సింకుకు అంచు చుట్టూతా బండ మీద ఆనాలి, కనీసం 10 మిల్లీమీటర్లయినా. బయటి కొలతకే కన్నం కోస్తే ఆనడానికి రాయే మిగలదు. అప్పుడు ఇంకా పెద్ద సింకు వెతుక్కోవాలి, లేదా కొత్త బండ కొనాలి. కోసిన రాయిని మళ్లీ పెంచడం ఎవరివల్లా కాదు.

కన్నం చిన్నదైతే నయం కదా అనుకుంటావేమో. అప్పుడు వంటింట్లోనే నిలబడి గ్రైండరుతో పొడిగా అరగదీస్తారు. నీళ్లు పోయకుండా కోస్తే అంచు వేడెక్కి పెచ్చులు లేస్తుంది, సన్నటి బీటలు లోపలికి పాకుతాయి. ఇల్లంతా సిలికా దుమ్ము పడుతుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. నువ్వు పక్కనే నిలబడి చూస్తుంటావని నాకు తెలుసు, అందుకే గట్టిగా చెబుతున్నాను.

పింగాణీ సింకయితే ఈ తొందర మరీ ప్రమాదం. మట్టి కొలిమిలో కాలేటప్పుడు కుదించుకుపోతుంది, ఒకే మోడల్లో రెండు సింకులు కచ్చితంగా ఒకే కొలతకు రావు. 2 శాతం తేడా మామూలే. 800 మిల్లీమీటర్ల సింకులో అది 16 మిల్లీమీటర్లు. ఏ సింకైనా సరే, డబ్బాలో వచ్చే కాగితం నమూనాను కూడా గుడ్డిగా నమ్మకు. ముందు దాన్ని సింకు మీద పరిచి చూడు. ఫైలు తెప్పించుకుని ఇంట్లో ప్రింటు తీస్తే, ప్రింటరు పేజీకి సరిపెట్టడానికి బొమ్మను కాస్త కుదించేస్తుంది. దాని మీద రాసి ఉన్న కొలతను స్కేలుతో సరిచూసుకోకపోతే అంతే సంగతులు.

ఇక కన్నం మూలలు. వాటిని గుండ్రంగా తీయాలి. పదునైన లంబకోణంగా కోస్తే రాయి మీద పడే ఒత్తిడంతా ఆ మూలకే చేరుతుంది, బీట అక్కడే మొదలవుతుంది. ముందు నాలుగు మూలల్లో డ్రిల్లుతో గుండ్రటి బెజ్జాలు వేసి, వాటి మధ్య గీత వెంబడి కోయమను. కన్నానికి ముందువైపు మిగిలే పట్టీ కనీసం 60 మిల్లీమీటర్లు ఉండాలి. బండంతటిలో బలహీనమైన చోటు అదే. మోసుకొచ్చేటప్పుడు పడుకోబెడితే అక్కడే పుటుక్కుమంటుంది. కోసిన బండను ఎప్పుడూ నిలువుగానే మోయాలి. గట్టు రెండు ముక్కలుగా వస్తుంటే ఆ అతుకు సింకు దగ్గరికి రానివ్వకు.

కాబట్టి వరస ఇదీ: సింకు, కుళాయి, జాలీ అన్నీ ఇంటికి రావాలి. కింది అల్మరా బిగించి లెవెల్ చూడాలి. ఆ తర్వాతే బండ కొలత.

సింకు సంగతి. స్టీలే తీసుకో, 304 రకం. అందులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి కాబట్టి తుప్పుకు తట్టుకుంటుంది. 201, 202 రకాల్లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. కొత్తలో చూపుకు తేడా తెలియదు. అయస్కాంతం పెట్టి చూపించి "చూడండి, అంటుకోలేదు, మంచి స్టీలే" అంటారు. ఆ పరీక్ష పనికిరాదు. 201 కూడా అంటుకోదు, పైగా అసలైన 304 వంపు తిరిగిన మూలల దగ్గర కొద్దిగా అంటుకుంటుంది. బిల్లు మీద 304 అని రాయించుకో.

రేకు మందం గేజ్‌లో చెబుతారు. అంకె పెరిగితే మందం తగ్గుతుంది. 18 గేజ్ దాదాపు 1.2 మిల్లీమీటర్లు, 16 గేజ్ దాదాపు 1.5. ఇంటికి 18 చాలు. అడుగున రబ్బరు పట్టీలూ, పూతా ఉన్నాయో లేదో తిరగేసి చూడు. అవి చప్పుడు తగ్గిస్తాయి, చల్లటి నీళ్లు పోసినప్పుడు అడుగున చెమ్మపట్టి అల్మరాలోకి కారకుండా ఆపుతాయి. మూలలు మరీ పదునుగా ఉన్న సింకు ఫోటోలో బాగుంటుంది గానీ రోజూ బ్రష్షుతో గోకాలి. 10 నుంచి 15 మిల్లీమీటర్ల వంపు ఉన్నది తీసుకో. అడుగు జాలీ వైపు వాలి ఉండాలి. చదునుగా ఉంటే నీళ్లు నిలిచి తెల్లమచ్చలు కడతాయి. జాలీ కన్నం 90 మిల్లీమీటర్లది, వెనక మూలకు ఉన్నదైతే కింద అల్మరాలో చోటు కలిసొస్తుంది. ఒక తొట్టా రెండు తొట్లా అని తేల్చుకోలేకపోతే, ఇంట్లో ఉన్న అతి పెద్ద గిన్నెను కొలువు. అది పడుకోబెట్టి తోమడానికి పట్టనప్పుడు రెండు తొట్లు పెట్టుకుని ప్రయోజనం లేదు.

వెడల్పు చూసేటప్పుడు అల్మరా బయటి కొలత కాదు, లోపలిది చూడు. 600 మిల్లీమీటర్ల అల్మరాలో 18 మిల్లీమీటర్ల చెక్కలు రెండూ పోగా మిగిలేది 564. క్లిప్పులు బిగించడానికి అటూ ఇటూ చెయ్యి దూరాలి కూడా.

లోతు గురించి ఇంకాస్త శ్రద్ధ పెట్టు. నువ్వు పొడగరివి, రోజుకు రెండుసార్లు అక్కడ వంగి నిలబడతావు. గట్టు ఎత్తు మోచేతికి 100 నుంచి 150 మిల్లీమీటర్లు కిందుగా ఉండాలి. మోచేయి 1050 దగ్గరుంటే గట్టు 900 నుంచి 950. కానీ తోమేటప్పుడు చేతులుండేది తొట్టి అడుగున. 850 గట్టుకు బండ కింద 250 లోతు సింకు బిగిస్తే, బండ మందం 20 కూడా పోయి, అడుగు 580కి దిగిపోతుంది. ఏడాది తిరక్కుండా నడుం పట్టేస్తుంది. 200 లోతు చాలు, నా మాట విను.

లోతు పెరిగితే ఇంకో చిక్కు ఉంది, దాన్ని దాదాపు ఎవరూ చూడరు. గోడలో నీళ్లు పోయే గొట్టం ఎత్తు మారదు కదా. కొత్త సింకు అడుగు కిందికి దిగితే జాలీ, దాని కింది ట్రాప్ (వాసన పైకి రాకుండా కాస్త నీళ్లు నిలిపే వంపు గొట్టం) ఆ గొట్టం కన్నా కిందికి వెళ్లిపోతాయి. నీళ్లు ఎదురెక్కలేక తొట్టిలోనే నిలుస్తాయి. నేల నుంచి గోడ గొట్టం మధ్యకు కొలిచి రాసుకో. సింకు అడుగు దానికన్నా 200 మిల్లీమీటర్లయినా పైన ఉండేలా చూడు. ట్రాప్ నుంచి గోడదాకా గొట్టం మీటరుకు 25 మిల్లీమీటర్ల వాలుతో పోవాలి.

ఇక బండ. నన్నడిగితే బిగుతైన గ్రానైటు, 20 మిల్లీమీటర్ల మందం. వేడి గిన్నె దించినా, కత్తి తగిలినా పెద్దగా ఏమీ కాదు. చదరపు మీటరు 54 కిలోల దాకా తూగుతుంది కాబట్టి కింది అల్మరా గట్టిగా ఉండాలి. కొనేముందు ఒక ముక్క అడిగి ఇంటికి తెచ్చుకో. దాని మీద నాలుగు నీటిచుక్కలు వేసి పావుగంట ఆగు. కింద మచ్చ నల్లబడితే రాయి నీళ్లు పీలుస్తోందని అర్థం, సీలరు (నీళ్లు ఇంకకుండా రాతికి పట్టించే పూత) తప్పదు. మరోచోట నిమ్మరసం వేసి రాత్రంతా ఉంచు. మెరుపు పోతే అది గ్రానైటు పేరుతో అమ్ముతున్న పాలరాయి జాతి. నిగనిగలాడే నల్లరాయయితే అసిటోన్ అద్దిన తెల్లగుడ్డతో రుద్దు. గుడ్డకు నలుపు అంటితే రంగు వేశారన్నమాట. ఈ మూడూ చేయకుండా బయానా ఇవ్వకు.

క్వార్ట్జ్ మీద నీకు మోజుందని విన్నాను. మచ్చ పడదు, సీలరు అక్కర్లేదు, అది నిజమే. అందులో బరువు లెక్కన 90 శాతానికి పైగా రాతిపొడి, మిగతాది దాన్ని పట్టి ఉంచే రెజిన్ అనే ప్లాస్టిక్ జిగురు. ఆ రెజిన్ 150 డిగ్రీల దగ్గర దెబ్బతింటుంది. పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెడితే పడే మరక మళ్లీ పోదు. ఎండ పడే కిటికీ కింద పసుపెక్కుతుంది. దాన్ని కోసే కార్మికులకు సిలికోసిస్ (సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) వస్తోందని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రకం బండల తయారీ, అమ్మకం, బిగింపు నిషేధించింది. అయినా అదే కావాలంటే, కోత మొత్తం వర్క్‌షాపులో, నీళ్లతో జరగాలని ముందే ఒప్పందం చేసుకో. పాలరాయి వద్దు, పులుపు తగిలిన చోటల్లా మసకబారుతుంది. లామినేటు, అంటే చెక్కపొట్టు పలక మీద ప్లాస్టిక్ పొర అతికించిన గట్టు, అయితే పైనుంచి దించే సింకే పెట్టాలి. కోసిన అంచు లోపలి చెక్కపొట్టుకు నీళ్లు తగిలితే ఉబ్బి పగులుతుంది, కాబట్టి ఆ అంచుకు నీళ్లు పట్టని పూత రెండుసార్లు వేయించు.

సింకు ఎలా బిగించాలన్నది నాకు అన్నిటికన్నా భయం. బండ కింద అమర్చే సింకును కొందరు ఒట్టి సిలికానుతో అతికించి వెళ్లిపోతారు. ఒక్కసారి లెక్క వేసుకో: 500, 400, 200 కొలతల తొట్టి నిండితే 40 లీటర్లు, అంటే 40 కిలోలు. దానిమీద గిన్నెలు, సింకు సొంత బరువు. ఆ జిగురు ఒక్క రోజులో ఊడదు, నెలల తరబడి మూలనుంచి కొంచెం కొంచెంగా జారుతుంది. ఆ సందులోంచి నీళ్లు దిగి అల్మరా చెక్క లోపల్లోపల కుళ్లుతుంది. వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. బరువు మోయడానికి అల్మరా గోడలకు బిగించిన బ్రాకెట్లో, చెక్క దిమ్మెలో ఉండాలి. సిలికాను పని నీళ్లు ఆపడమే.

సందుల్లో తెల్ల సిమెంటు పెడతానంటే ఒప్పుకోకు. మరిగే నీళ్లు ఒంపినప్పుడు 600 మిల్లీమీటర్ల స్టీలు ముప్పావు మిల్లీమీటరు దాకా సాగుతుంది, రాయి అంత సాగదు. బిర్రుగా ఉండే సిమెంటు ఆ కదలికకు పగిలిపోతుంది. న్యూట్రల్ రకం సిలికాను, బూజు పట్టనిది వాడమను. వెనిగర్ వాసన కొట్టే రకం కొన్ని రాళ్ల మీద మచ్చ చేస్తుంది. రాసిన తర్వాత ఒక రోజంతా నీళ్లు తగలకూడదు, ఎవరెంత తొందరపెట్టినా సరే.

చిన్నచిన్నవి కొన్ని. కుళాయి కన్నం 35 మిల్లీమీటర్లు, వెనక గోడకు పిడి తిరిగేంత చోటు వదలాలి. కుళాయి ధార జాలీకి దగ్గరగా పడాలి. బండ ముందు అంచు అడుగున సన్నటి గాడి కొట్టించు, కారిన నీళ్లు అక్కడే తెగి నేల మీద పడతాయి, అల్మరా తలుపుల మీదికి రావు.

అంతా అయ్యాక డబ్బు చేతిలో పెట్టేముందు తొట్టి అంచుదాకా నింపు. పావుగంట ఆగి ఒక్కసారిగా వదిలెయ్యి. ట్రాప్ కీళ్లన్నీ పొడి కాగితంతో తుడిచి చూడు, చేత్తో తడిమితే చిన్న చెమ్మ తెలియదు. మర్నాడు ఇంకోసారి.

తర్వాత వాడకంలో బ్లీచు, టాయిలెట్ యాసిడ్ సింకులో పోయకు, 304 స్టీలుకైనా గుంటలు పడతాయి. ఇనప పీచుతో తోమకు. ఆ పీచు తునకలు అంటుకుని తుప్పుపడితే సింకే తుప్పుపట్టిందనుకుంటావు.

కన్నం గీతలు గీశాక, కోయకముందు, టేపు ఆనించి ఫోటో తీసి పంపు. ఎంత రాత్రయినా చూసి చెబుతాను. నీకు తెలియదని కాదురా, రెండో జత కళ్లు పడితే నాకు నిద్ర పడుతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న

తా.క.: పాత సింకు తీసేముందు దాని కింది యాంగిల్ వాల్వు (గోడ దగ్గర కుళాయికి నీళ్లు కట్టేసే చిన్న వాల్వు) తిప్పి చూడు. ఏళ్ల తరబడి కదపని వాల్వు పూర్తిగా మూసుకోకపోవచ్చు. మూసుకోకపోతే మెయిన్ వాల్వు కట్టేసి ముందు దాన్నే మార్పించు, ఆ తర్వాతే సింకు మీద చెయ్యి వేయనివ్వు.