మోటారు వాహనాలు లేని దీవికి వీపు సంచితో

ప్రశ్న: తెల్లవారుజామున మన బీచ్ రోడ్డులో వాహనాలను ఆపివేసినప్పుడు కలిగే హాయి రోజంతా ఉండే ఉష్ణమండల ద్వీపం ఏదైనా ఉన్నదా? నేనూ నా స్నేహితుడూ తక్కువ ఖర్చుతో రెండు మూడు రోజులు ఉండి రావాలనుకుంటున్నాము.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇండోనేషియాలో లంబోక్ ద్వీపానికి వాయవ్యంగా ఉన్న గిలి త్రావాంగన్ మీకు సరిపోతుంది. అక్కడ పెట్రోలు వాహనాలకు అనుమతి లేదు. ఎక్కువగా నడక, సైకిలు, లేదా ‘చిదోమో’ అనే గుర్రపు బండే గతి. ఎండలో బరువు లాగే ఆ గుర్రాల అవస్థపై విమర్శలు ఉన్నాయి కనుక, సంచి తప్ప సామాను లేని మీవంటి వారు నడవడమే మేలని నా అభిప్రాయం. దీవి చుట్టుకొలత సుమారు 7 కిలోమీటర్లే. అయితే ఇసుక మేటలు ఉన్నచోట సైకిలును తోసుకొని పోవలసి వస్తుంది.

విశాఖ నుంచి సింగపూర్ మీదుగా లంబోక్ చేరి, బంగ్సాల్ రేవులో జనం నిండగానే బయలుదేరే సాధారణ పడవ ఎక్కితే, బాలీలోని పడాంగ్ బాయి నుంచి వచ్చే వేగపు పడవ కంటే చాలా చౌకగా పడుతుంది. భారతీయులకు అక్కడ దిగాక 30 రోజుల వీసా ఇస్తారు; రుసుము 5 లక్షల రూపాయలు, అంటే ఇండోనేషియా రుపియాలు, కంగారు పడకండి! నవంబరు నుంచి మార్చి వరకు వానాకాలం కనుక మే–సెప్టెంబరు మధ్య వెళ్ళండి.

సముద్రపు తాబేళ్ళను చూడటానికి నీటిలో దిగేటప్పుడు మాత్రం, దీవుల మధ్య ప్రవాహం బలమైనది కనుక, స్థానికుల సలహా లేకుండా ఒడ్డుకు దూరంగా ఈదవద్దు. ఊరిలోని వారు ఎక్కువగా ముస్లింలు. ఈత దుస్తులతో వీధుల్లో తిరగడం వారికి నచ్చదు.